ఎనిమిది పక్కన మరిచిపోయిన నాలుగు

లాస్ వేగాస్ జూదశాల గుండెజబ్బు మనిషి వెళ్లాల్సిన చోటు కాదు. సిగరెట్ పొగ, మద్యం, నిద్రలేని రాత్రులు, పందెంలో వచ్చిన డబ్బు, అంతలోనే పోయిన డబ్బు. 1997 మార్చి నుంచి 1999 అక్టోబరు దాకా అక్కడి కేసినోల్లో గుండె లయ చెదిరి కుప్పకూలిన 105 మంది వివరాలను పరిశోధకులు పోగుచేశారు. వాళ్లలో 56 మంది కోలుకుని ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యారు. అంటే నూటికి 53 మంది. ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో పదిమందికి ఒక్కరు బతికితేనే మేలు అనుకునే రంగంలో ఇది నమ్మశక్యం కాని అంకె. (పదికి ఒకటి అనే లెక్కలో అన్ని రకాల కేసులూ ఉంటాయి. కేసినోల లెక్కలో షాక్‌కు లొంగే రకం మాత్రమే ఉంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చూసినా తేడా పెద్దదే.)

పోనీ అంబులెన్సులు రెక్కలు కట్టుకుని వాలాయా అంటే అదీ లేదు. మనిషి పడిపోయిన క్షణం నుంచి పారామెడిక్‌లు చేరేదాకా సగటున 9.8 నిమిషాలు పట్టింది. ఆ భవనాలు ఎంత పెద్దవంటే, గుమ్మం ముందు బండి ఆగినా, స్ట్రెచర్ తోసుకుంటూ మనిషి దగ్గరికి వెళ్లేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

వాళ్లను బతికించింది సెక్యూరిటీ గార్డులు. క్లార్క్ కౌంటీ అగ్నిమాపక శాఖ చొరవతో వాళ్లకు ఛాతీ ఒత్తడం, ఏఈడీ వాడడం నేర్పారు. ఏఈడీ అంటే గుండె లయను తానే పసిగట్టి, అవసరమైతేనే షాక్ ఇచ్చే చిన్న పెట్టె. ఆ పెట్టెలను కేసినోల్లో అందుబాటులో ఉంచారు. మనిషి పడిన తర్వాత మొదటి షాక్ సగటున 4.4 నిమిషాలకే అందింది.

ఈ అధ్యయనానికి మరెక్కడా దొరకని సాక్షి ఒకటి దొరికింది. పేకముక్కల్లో మోసం పట్టుకోవడానికి పైకప్పుకు బిగించిన కెమెరాలు, మనిషి కూలిన సమయాన్ని కూడా నమోదు చేశాయి. మామూలుగా ఆ సమయం ఎవరికీ తెలియదు. బంధువులు చెప్పేది ఉజ్జాయింపు, అందులోనూ కంగారులో చెప్పేది. ఇక్కడ గడియారం అబద్ధమాడలేదు. ఎవరైనా చూస్తుండగా పడిపోయినవాళ్లలో మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లు 35 మంది, బతికింది 26 మంది. అంటే 74 శాతం. మూడు నిమిషాలు దాటాక అందినవాళ్లు 55 మంది, బతికింది 27 మంది. అంటే 49 శాతం.

మోకు పట్టిన చేతులు

నిమిషాలకు ఇంత విలువ ఎందుకో తెలియాలంటే గుండె ఎలా ఆగుతుందో చూడాలి.

గుండె కుడి పైగదిలో కొన్ని కణాల ముద్ద ఒకటి ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు అది నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. ఆ సంకేతం ఒక వరుసలో కిందికి పాకుతుంది, దాని వెంటే కండరం కలిసికట్టుగా బిగుసుకుని రక్తాన్ని బయటికి నెడుతుంది. రథోత్సవంలో మోకు పట్టిన వందమంది ఒకే కేకకు కలిసి లాగడం లాంటిది ఇది. కేక వినబడక ఎవరి ఊపున వాళ్లు లాగితే ఏమవుతుంది? చెమటలు అందరికీ పడతాయి, రథం మాత్రం అంగుళం కదలదు. వైద్యులు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అనేది దీన్నే. ఆ స్థితిలో గుండె నిశ్చలంగా ఉండదు, గజగజ వణుకుతుంటుంది. కానీ చుక్క రక్తం ముందుకు పోదు. పది సెకన్లు గడిచీ గడవకముందే మెదడుకు స్పృహ తప్పుతుంది.

షాక్ ఇస్తే ఆగిన గుండె కొట్టుకోవడం మొదలెడుతుందని సినిమాలు నేర్పాయి. మానిటర్ మీద గీత తిన్నగా సాగుతుంటే డాక్టరు షాక్ ఇస్తాడు, హీరో కళ్లు తెరుస్తాడు. నిజానికి గీత తిన్నగా ఉన్నప్పుడు షాక్ వల్ల ఉపయోగం లేదు. షాక్ చేసేది అదుపు తప్పిన గుండెను ఒక్క క్షణం ఆపడం. లాగుతున్నవాళ్లందరి చేతా ఒకేసారి మోకు వదిలించడం. ఆ సద్దుమణిగిన క్షణంలో అసలు కేక మళ్లీ వినబడుతుంది, చేతులు మళ్లీ కలుస్తాయి.

అయితే ఆ చేతుల్లో ఇంకా సత్తువ మిగిలి ఉండాలి. చిక్కంతా అక్కడే. వణుకుతున్న కండరం పని మానలేదు, శక్తిని ఖర్చు చేస్తూనే ఉంది. దానికి ఆక్సిజన్ మోసుకొచ్చే రక్తనాళాల్లో మాత్రం ప్రవాహం ఆగిపోయింది. అందుకే నిమిషాలు గడిచేకొద్దీ పెద్దపెద్ద అలల్లా ఉన్న వణుకు సన్నగిల్లి, చివరికి గీత తిన్నగా మారిపోతుంది. అప్పుడిక షాక్ ఇచ్చే పెట్టె పక్కనే ఉన్నా ప్రయోజనం లేదు.

2002లో ఇద్దరు అమెరికా వైద్యులు, వైస్‌ఫెల్ట్, బెకర్, ఈ కాలాన్ని మూడు దశలుగా విడదీశారు. మొదటి నాలుగు నిమిషాల్లో షాక్ ఒక్కటే పనిచేసేంత శక్తి గుండెలో ఉంటుంది. నాలుగు నుంచి పది నిమిషాల మధ్య గుండెకు ముందు కొంత రక్తం అందాలి, అప్పుడే షాక్ ఫలిస్తుంది. పది నిమిషాలు దాటితే కణాలే దెబ్బతింటాయి. గుండె తిరిగి కొట్టుకున్నా మెదడు కోలుకోవడం కష్టం. ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, మనిషిని బట్టి అటూ ఇటూ జరుగుతాయి. ఎవరూ ఏమీ చేయకుండా నిలబడితే, బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున కరిగిపోతుందని అంచనా. ఎవరైనా ఛాతీ ఒత్తుతూ ఉంటే ఆ కరుగుదల 3, 4 శాతానికి తగ్గుతుంది.

ఛాతీ ఒత్తడం గుండెను బాగుచేయదు. బాగా ఒత్తినా మామూలు రక్తప్రవాహంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే వస్తుంది. ఆ కాస్త రక్తమే మెదడునూ గుండె కండరాన్నీ షాక్ వచ్చేదాకా కాపాడుతుంది. ఒత్తడం మొదలుపెట్టాక పీడనం మెల్లగా పెరుగుతుంది. ఆపితే మాత్రం క్షణాల్లో పడిపోతుంది. "ఊపిరి వచ్చిందా" అని మాటిమాటికీ ఆగి చూడొద్దని శిక్షకులు మొత్తుకునేది అందుకే.

▪ పెట్టెలో మాట: గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు

గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే గుండెపోటు. ఛాతీలో నొప్పి, చెమట, ఆయాసం ఉంటాయి, మనిషి సాధారణంగా మాట్లాడుతూనే ఉంటాడు. అతన్ని త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. గుండె ఆగడం, అంటే కార్డియాక్ అరెస్ట్, విద్యుత్ వ్యవస్థ కుప్పకూలడం. మనిషికి స్పృహ ఉండదు, సరైన శ్వాస ఉండదు. గుండెపోటు దీనికి దారితీయవచ్చు. కరెంట్ షాక్, నీట మునగడం, పుట్టుకతో వచ్చే లోపాలు కూడా దారితీయవచ్చు. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న "గట్టిగా దగ్గుతూ ఉంటే గుండె ఆగదు" అనే సలహా ఇక్కడ పనికిరాదు. గుండె ఆగిన మనిషికి దగ్గే స్పృహ ఎక్కడిది?

ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది?

అంబులెన్సుల లోకంలో ఎనిమిది చాలా పెద్ద అంకె. బ్రిటన్‌లో ప్రాణాపాయ కాల్స్‌లో 75 శాతానికి ఎనిమిది నిమిషాల్లో చేరాలన్నది ఏళ్లపాటు నడిచిన లక్ష్యం. అమెరికా నగరాలు చాలావాటి ఒప్పందాల్లో 8 నిమిషాల 59 సెకన్లు అని రాసుకున్నారు. ఈ అంకెకు ఊతమిచ్చిన అధ్యయనాల్లో ముఖ్యమైనది 1979లో సియాటిల్ చుట్టుపక్కల కింగ్ కౌంటీ నుంచి వచ్చింది. మికీ ఐసెన్‌బర్గ్, ఆయన సహచరులు గుండె ఆగినవాళ్ల వివరాలు తీసి చూస్తే, ఎనిమిది నిమిషాల్లోపు పూర్తి చికిత్స అందిన ఒక వర్గంలో 43 శాతం మంది బతికారు.

కానీ ఆ వాక్యంలో ఇంకో సగం ఉంది. ఆ 43 శాతం మందికి నాలుగు నిమిషాల్లోపే సీపీఆర్ (ఛాతీ ఒత్తడం, నోటితో గాలి ఊదడం) మొదలైంది. రెండు షరతుల్లో ఏది తప్పినా బతికే అవకాశం బాగా పడిపోయింది. నాలుగూ ఎనిమిదీ కలిసి వచ్చిన జంట అంకెలు. ప్రభుత్వాలు ఎనిమిదిని ఎత్తుకున్నాయి, నాలుగును వదిలేశాయి. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ఎనిమిదిని డబ్బు పెట్టి కొనవచ్చు. బళ్లు పెంచొచ్చు, టెండర్లు పిలవొచ్చు, తప్పితే జరిమానా వేయొచ్చు. నాలుగు నిమిషాలు మాత్రం పక్కింటాయన చేతుల్లో, షాపు గుమాస్తా చేతుల్లో, బస్ కండక్టర్ చేతుల్లో ఉంటాయి. వాళ్లతో టెండరు కుదరదు.

ఎనిమిదిని కొలిచే గడియారంతోనూ పేచీ ఉంది. అది సాధారణంగా ఫోన్ ఎత్తినప్పుడో, బండి బయల్దేరినప్పుడో మొదలవుతుంది. గేటు ముందు బండి ఆగగానే నిలిచిపోతుంది. గుండె గడియారం మనిషి పడినప్పుడే మొదలైంది. "అయ్యో ఏమైంది" అని చుట్టూ మూగడం, నీళ్లు చల్లడం, పెద్దబ్బాయికి ఫోన్ చేయడం, ఆ తర్వాత గుర్తొచ్చి 108కి చేయడం... ఈ కాలమంతా ఏ నివేదికలోనూ కనిపించదు.

కెనడాలోని ఒంటారియోలో ఇంకాస్త కఠినమైన పరీక్ష జరిగింది. 17 నగరాల్లో ముందు డీఫిబ్రిలేటర్ (షాక్ ఇచ్చే యంత్రం) వేగంగా అందే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత శ్వాసనాళంలో గొట్టం వేయగల, నరంలోకి మందులు ఎక్కించగల పారామెడిక్‌లను దింపారు. ఫలితం 2004లో వెలువడింది. బతికినవాళ్లు 5.0 శాతం నుంచి 5.1 శాతం అయ్యారు. అంతే. అదే అధ్యయనంలో, పక్కనున్నవాళ్లు సీపీఆర్ మొదలుపెట్టిన కేసుల్లో బతికే అవకాశం మూడు రెట్లకు పైగా కనిపించింది. బండిలోని ఖరీదైన నైపుణ్యం పనికిరానిదని దీని అర్థం కాదు. అది చేరేసరికి ఆట చాలావరకు అయిపోయి ఉంటుంది.

కరెంటు పనివాళ్ల పుణ్యం

రెండు చేతులతో ఛాతీ ఒత్తడం ఏ ప్రాచీన వైద్యమో అనిపిస్తుంది గానీ, దాన్ని శాస్త్రీయంగా నిరూపించి ఏడు దశాబ్దాలు కూడా కాలేదు. దాని పుట్టుకకు వైద్యులకంటే ముందు విద్యుత్ కంపెనీలు కారణం. తీగల మీద పనిచేసే కార్మికులు షాక్ తగిలి చనిపోతుంటే, ఆ మరణాలను ఆపే దారి వెతకమని కంపెనీలు పరిశోధనకు డబ్బు పెట్టాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆ పని మీద ఉన్న విలియం కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు.

1950ల చివర ఆయన దగ్గర పనిచేస్తున్న గై నికర్‌బాకర్ ఒక విషయం గమనించాడు. షాక్ ఇవ్వడానికి బరువైన పలకలను కుక్క ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడల్లా దాని రక్తపోటు కాస్త పెరుగుతోంది. కరెంటు ఇంకా ఇవ్వనే లేదు. మరి పెంచింది ఏది? ఆ ఒత్తిడే. అప్పటిదాకా ఆగిన గుండెను ఆడించాలంటే ఛాతీ కోసి, చెయ్యి లోపల పెట్టి పిసకాల్సిందే. 1960లో కౌవెన్‌హోవెన్, నికర్‌బాకర్, సర్జన్ జేమ్స్ జూడ్ కలిసి ప్రచురించిన వ్యాసంలో కోత లేకుండా ఛాతీ ఒత్తిన 20 మంది రోగుల వివరాలున్నాయి. 14 మంది బతికారు. ఆసుపత్రిలో పుట్టిన విద్య ఆ క్షణంలో వీధిలోకి వచ్చేసింది.

డీఫిబ్రిలేటర్ వీధిలోకి రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1960ల మధ్యలో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ దాన్ని కారు బ్యాటరీలతో నడిచేలా మార్చి అంబులెన్సులో ఎక్కించాడు. బరువు 70 కిలోలు. ఇప్పటి ఏఈడీని ఒక్క చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు.

ఊపిరి తీస్తున్నాడు కదా!

ఛాతీ ఒత్తడం ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఒత్తాలని గుర్తించడమే కష్టం. గుండె ఆగిన మనిషి శవంలా కదలకుండా పడి ఉంటాడని అందరూ అనుకుంటారు. చాలామందిలో మొదటి నిమిషాల్లో ఎగశ్వాస ఉంటుంది. నోరు తెరిచి, గురక లాంటి చప్పుడుతో, ఆగి ఆగి గాలి లాగుతారు. అది శ్వాస కాదు, ఆక్సిజన్ అందని మెదడు కాండం చేసే ఆఖరి ప్రయత్నం. చూసేవాళ్లు మాత్రం "ఊపిరి ఉంది" అని ధైర్యపడి చేతులు కట్టుకుంటారు. కొందరిలో పడిన వెంటనే కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. మన దగ్గరైతే అది మూర్ఛే అనుకుని గుప్పిట్లో తాళాల గుత్తి పెడతారు. తాళాలు మూర్ఛకే పనిచేయవు, ఇక గుండెకేం పనిచేస్తాయి!

ఫోన్ ఎత్తే ఉద్యోగి విలువ ఇక్కడ తెలుస్తుంది. కింగ్ కౌంటీలో 1980ల నుంచే ఫోన్ ఎత్తినవాళ్లు కాల్ చేసినవాళ్ల చేత అక్కడికక్కడే ఛాతీ ఒత్తిస్తున్నారు. ప్రశ్నలు రెండే. స్పృహలో ఉన్నాడా? మామూలుగా ఊపిరి తీస్తున్నాడా? రెండింటికీ కాదు అని జవాబొస్తే మూడో ప్రశ్న ఉండదు. "ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన మోకరిల్లండి" అని చెప్పడమే.

ఆరాంఘర్, అయ్యప్పనగర్

తెలుగు నేల మీద ఎనిమిదిని అందుకునే ప్రయత్నం 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108తో మొదలైంది. కుయ్ కుయ్ మంటూ వచ్చే ఆ బండి, అందులో పైలట్ (డ్రైవరు), ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు), ఇప్పుడు పల్లెల్లో కూడా పరిచయమే. తర్వాత అదే నమూనా ఇతర రాష్ట్రాలకూ పాకింది. కానీ పడిపోయిన మనిషి విషయంలో మొదటి ఆలోచన ఇప్పటికీ ఆటోనే. నలుగురు కలిసి కాళ్లూ చేతులూ పట్టి వెనక సీట్లో ఒరగబెడతారు. ప్రేమతో చేసే పనే. కానీ సీట్లో మెత్తగా మడతపడి ఉన్న ఛాతీని ఒత్తడం కుదరదు. ఆసుపత్రి దాకా గుండెకూ మెదడుకూ చుక్క రక్తం అందదు. గుండెపోటుతో మాట్లాడుతున్న మనిషిని తరలించడం సరైన పని. గుండె ఆగిన మనిషికి మాత్రం పడిన చోటే చికిత్స మొదలవ్వాలి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ కూడలి దగ్గర కుప్పకూలిన యువకుడికి డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదే సీపీఆర్ చేసి బతికించారు. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. కొద్ది రోజులకే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమాన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. 2024 మేలో విజయవాడ అయ్యప్పనగర్‌లో కరెంట్ షాక్ తగిలిన ఆరేళ్ల బాబును తండ్రి చేతుల్లో ఎత్తుకుని పరుగెత్తుతుంటే, అటుగా వెళ్తున్న వైద్యురాలు ఆపి, రోడ్డు మీద పడుకోబెట్టి ఛాతీ ఒత్తారు, నోట్లోకి గాలి ఊదించారు. బాబు బతికాడు.

"చేశాక ఏమైనా అయితే కేసు మన మీదికి వస్తుందేమో" అన్న జంకు ఒకటి ఉంది. 2019 మోటారు వాహనాల చట్ట సవరణ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చింది గానీ, అది రోడ్డు ప్రమాదాలకే. అయితే ఎదుటి మనిషి మేలు కోసం, అనుమతి అడిగే వీల్లేని పరిస్థితిలో, సద్భావంతో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతోంది. పాత శిక్షాస్మృతిలో అది 92వ సెక్షన్‌గా ఉండేది. ఈ సంగతి ఇంకా స్పష్టంగా, గుండె పేరు పెట్టి చెప్పే చట్టం ఉంటే జంకు తగ్గేది.

▪ పెట్టెలో మాట: ఎదురుగా ఎవరైనా కూలితే

భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకుండా, మామూలు శ్వాస కూడా లేకుండా ఉంటే, ఒకరు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి స్పీకర్ పెట్టాలి. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో ఎముక మీద అరచేతి మడమ ఆనించి, రెండో చెయ్యి దానిపై వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు ఒత్తండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకొకసారి చేతులు మారండి, అలసట లోతు తగ్గిస్తుంది. పక్కటెముక విరగవచ్చు, అది మానుతుంది. కరెంట్ షాక్ అయితే ముందు స్విచ్ ఆపాలి. పిల్లలకూ, నీట మునిగినవాళ్లకూ నోటితో గాలి ఊదడం కూడా అవసరం.

డెన్మార్క్ పదేళ్లు

ఒక దేశం మొత్తం నాలుగు నిమిషాల మీద దృష్టి పెడితే ఏమవుతుందో డెన్మార్క్‌లో కనిపించింది. అక్కడ 2005 నుంచి బడిలో, 2006 నుంచి డ్రైవింగ్ లైసెన్సుకు సీపీఆర్ శిక్షణ తప్పనిసరి చేశారు. ఇంట్లోనే నేర్చుకునే కిట్లు లక్షన్నర దాకా పంచారు. 2001లో గుండె ఆగిన కేసుల్లో 21 శాతానికి పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేస్తే, 2010కి అది 45 శాతం అయింది. నెల రోజులు దాటి బతికినవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. ఆ పదేళ్లలో ఆసుపత్రి వైద్యం కూడా మెరుగైంది కాబట్టి మొత్తం ఘనత పిల్లలకూ డ్రైవర్లకూ ఇవ్వలేమని పరిశోధకులే జాగ్రత్తగా అన్నారు. న్యాయమైన జాగ్రత్తే.

స్వీడన్ ఏఈడీని డ్రోన్‌తో పంపింది. 2021 డిసెంబరులో ట్రోల్‌హాటన్‌లో మంచు తీస్తూ పడిపోయిన 71 ఏళ్ల పెద్దాయన దగ్గరికి అది మూడు నిమిషాలు దాటిన కాసేపటికే చేరింది. ఆయన బతికారు. వార్తల్లో డ్రోన్ ఎక్కువ కనిపించింది. అది వచ్చేలోగా, కారులో అటుగా వెళ్తూ ఆగిన ఒక డాక్టరు మంచులో మోకరిల్లి ఛాతీ ఒత్తుతూనే ఉన్నారు.

లిఫ్టు ముందు నిమిషాలు

మరో గడియారం నిలువుగా నడుస్తుంది. కెనడాలోని టొరంటో, దాని పక్కనున్న పీల్ ప్రాంతంలో ఇళ్లలో గుండె ఆగినవాళ్ల వివరాలను 2016లో ప్రచురించారు. మూడో అంతస్తు కంటే కింద ఉన్నవాళ్లలో 4.2 శాతం బతికారు. మూడూ ఆ పైన 2.6 శాతం. పదహారో అంతస్తు దాటాక 216 మందిలో ఇద్దరే. ఇరవై ఐదో అంతస్తు పైన ఒక్కరూ లేరు. బళ్లు ఆలస్యంగా వెళ్లలేదు. లిఫ్టు కోసం నిలబడడం, స్ట్రెచర్ పట్టకపోవడం, తాళం వేసిన తలుపు, ఏ బ్లాకో తెలియని కాపలాదారు. ఇవే ఆ నిమిషాలు తినేశాయి.

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు నలభై, యాభై అంతస్తుల భవనాలు లేస్తున్న ఈ రోజుల్లో ఆ కెనడా కాగితం మన అపార్ట్‌మెంట్ సంఘాల మీటింగులో చదవదగినది. పరిశోధకులు సూచించిన పనుల్లో పెద్ద ఖర్చు ఉన్నవి లేవు. అంబులెన్స్ సిబ్బందికి లిఫ్టును తమ అదుపులోకి తీసుకునే తాళం ఇవ్వడం, వాళ్లు వస్తున్నట్టు భవనం సిబ్బందికి ముందే కబురందించడం, ఏఈడీని లాబీలోనో, లిఫ్టులోనో, కొన్ని అంతస్తులకొకటి చొప్పునో పెట్టడం. ఈ జాబితాకు ఇక్కడ ఒకటి చేర్చుకోవచ్చు. గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే వాచ్‌మన్‌కు ఒక పూట సీపీఆర్ శిక్షణ ఇప్పించడం. జిమ్‌కూ క్లబ్‌హౌస్‌కూ వసూలు చేసే మెయింటెనెన్స్ డబ్బులో అది లెక్కకు కూడా రాదు.